చేతికర్ర: చెక్కదా, అల్యూమినియందా?

బెంగళూరులో తల్లిదండ్రుల కోసం చేతికర్ర కొనబోయే తెలుగువారు తరచుగా అడిగే ప్రశ్న ఇది. సక్లేశపుర, చిక్కమగళూరు వైపు హోమ్‌స్టేలలో పెద్దవారితో నెగడు చుట్టూ కూర్చుని వచ్చినవారు, కర్రకు పట్టిన పొగ వాసన ఎంతకీ వదలడం లేదనే ఫిర్యాదును కూడా ఇప్పుడు దీనికి జోడిస్తున్నారు.

ఎత్తు విషయంలో అల్యూమినియానిదే సౌలభ్యం. బయట వేసుకునే చెప్పులతోనే నిటారుగా నిలబడి చేతులు కిందికి వదిలినప్పుడు మణికట్టు ముడత ఉండే చోటికి పిడి రావాలి. పట్టుకున్నప్పుడు మోచేయి సుమారు 15 నుంచి 20 డిగ్రీలు వంగాలి. అల్యూమినియం కర్రను బొత్తాం నొక్కి సరిచేసుకోవచ్చు. చెక్క కర్రను మాత్రం అడుగున తొడిగే రబ్బరు మందాన్ని లెక్కలోకి తీసుకుని వడ్రంగి చేత కోయించాలి, ఎక్కువ కోస్తే అతికించడం కుదరదు. శస్త్రచికిత్స తర్వాత కొన్నాళ్ల ఊతానికైతే అల్యూమినియం చాలు.

రోజూ వాడే కర్రకు ఎత్తు ఒకసారి కుదిరిందంటే, ఆపై తేల్చవలసింది పిడి సంగతేనని నా అభిప్రాయం. పొగ వాసన ఎక్కువగా నిలిచేదీ అక్కడే. కట్టెకు గట్టిదనమిచ్చే లిగ్నిన్ అనే పదార్థం కాలినప్పుడు, పొగ వాసననిచ్చే గ్వయకాల్ వంటి ఫినాల్ రసాయనాలు వెలువడతాయి. అవి జిడ్డు మసితో కలిసి, సందులున్న ప్రతి వస్తువులోకీ చేరి, ఆ తర్వాత నెమ్మదిగా బయటికి వస్తూ ఉంటాయి. లోహపు గొట్టానికి అంటిన పొగ సబ్బునీటి గుడ్డతో పోతుంది. వాసన నిలిచేది చాలా అల్యూమినియం కర్రలకు ఉండే ఫోమ్ పిడిలోనూ, మణికట్టుకు తగిలించుకునే పట్టీలోనూ. చెమట కూడా పట్టిన ఫోమ్‌ను ఉతకలేము, పిండలేము. పట్టీని విప్పి ఉతికి, ఫోమ్‌కు వంటసోడా అద్ది రాత్రంతా ఉంచి దులిపి, గాలికి ఆరబెడితే కొంత తగ్గుతుంది. సెంటు కొడితే రెండు వాసనలు మిగులుతాయి.

వార్నిష్ చెక్కుచెదరని చెక్క పిడిని తుడిస్తే సరిపోతుంది. పూత అరిగిన చోట, రబ్బరు కింద కోసి వదిలేసిన కొనలో మాత్రం పొగ, తేమ రెండూ చేరతాయి కాబట్టి, కోయించిన రోజే ఆ కొనకు కూడా వార్నిష్ వేయించాలి. ఈ ఒక్క జాగ్రత్త తీసుకోగలవారికి నేను చెక్కదే చెబుతాను. అయితే గొడుగు కామలాంటి వంపు పిడి కాక, అరచేయి మొత్తం ఆనే వెడల్పాటి పిడి ఎంచుకోవాలి. బరువు మరీ తగ్గాలంటే అల్యూమినియం కర్రనే గట్టి ప్లాస్టిక్ పిడితో తీసుకోవచ్చు.

మడతపెట్టేది ప్రయాణాల్లో సంచిలో పడి ఉండడానికి బాగుంటుంది. నాలుగు కాళ్లది ఇంట్లో సమతల నేల మీద మంచిదే గానీ, కాలువల మీద పరిచిన మన ఎగుడుదిగుడు రాతి పలకల మీద నాలుగూ ఒకేసారి ఆనవు. ఏది కొన్నా అడుగు రబ్బరు గీతలు అరిగి నున్నబడగానే మార్చాలి. తడిసిన రాతి మీద నున్నని రబ్బరు జారుతుంది.