స్కాన్ నార్మల్ అన్నారు, నొప్పి తగ్గలేదు: ఎండోమెట్రియోసిస్‌ను పట్టుకోవడానికి ఏ పరీక్ష మేలు?

మా అక్క కూతురు చిత్తూరు నుంచి వచ్చి మా ఇంట్లో ఉండి తిరుపతిలో డిగ్రీ చదువుతోంది. ప్రతి నెలా రెండు మూడు రోజులు మంచం దిగదు. మొదట్లో నేను కూడా వాము నీళ్ళు ఇచ్చి, పొత్తికడుపు మీద వేడినీళ్ళ సంచి పెట్టి, "మాకూ ఉండేది, ఓర్చుకోవాలి" అన్నదాన్నే. ఒకరోజు అర్ధరాత్రి మెలికలు తిరిగిపోతుంటే ఇరవైనాలుగు గంటల నొప్పేమోనని భయపడి ఆసుపత్రికి తీసుకుపోయాం. అపెండిక్స్ కాదన్నారు. కడుపు మీద జెల్ రాసి స్కాన్ తీశారు. "అంతా నార్మల్, పెళ్ళయితే సర్దుకుంటుంది" అని పంపించేశారు. ఆరు నెలల తర్వాత ఇంకోచోట అదే స్కాన్, అదే మాట. ఎండోమెట్రియోసిస్ అనే పేరు మా చెవిన పడింది మూడో డాక్టరమ్మ దగ్గర.

అప్పటినుంచి మా ఇంట్లో ఒకటే చర్చ. ఏది చేయిస్తే తేలుతుంది? మళ్ళీ స్కానా, ఎమ్మారైనా, కడుపులోకి కెమెరా పంపి చూసే ల్యాప్రోస్కోపీనా, లేక మాత్రలు వాడి చూడటమా? నేను డాక్టర్ని కాను. తిరిగి, అడిగి, చదివి తెలుసుకున్నది రాస్తున్నాను. ఏ పరీక్షకు ఏది కనపడుతుందో, ఏది కనపడదో మాకు ముందే తెలిసుంటే ఆ ఆరు నెలలు వృథా అయ్యేవి కావు.

గర్భసంచి లోపలి పొరలాంటి కణజాలం గర్భసంచి బయట పెరగడమే ఈ జబ్బు. అండాశయాల మీద, గర్భసంచి వెనక, పేగుల మీద, మూత్రాశయం మీద ఎక్కడైనా పెరగొచ్చు. ప్రపంచంలో పిల్లలు పుట్టే వయసు ఆడవాళ్ళలో సుమారు నూటికి 10 మందికి, అంటే 19 కోట్ల మందికి ఇది ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. నొప్పి మొదలైనప్పటి నుంచి జబ్బు పేరు తెలిసేదాకా 4 నుంచి 12 ఏళ్ళు పడుతోందని కూడా ఆ సంస్థే అంటోంది. పదమూడేళ్ళకు నొప్పి మొదలైన పిల్లకు పాతికేళ్ళు వచ్చేదాకా పేరే తెలియకపోవచ్చన్నమాట.

పరీక్షల సంగతికి వచ్చే ముందు ఒకటి తెలుసుకోవాలి. ఈ జబ్బు మూడు రూపాల్లో ఉంటుంది. కడుపు లోపలి పొర మీద పైపైన చిన్న మచ్చల్లా ఉండేది ఒకటి. అండాశయంలో పాత రక్తం చేరి గడ్డ కట్టేది ఇంకొకటి, దాన్నే చాక్లెట్ సిస్ట్ అంటారు. గర్భసంచి వెనక భాగంలోకి, పేగు గోడలోకి లోతుగా దిగేది మూడోది. ఏ పరీక్ష మేలన్నది వీటిలో దేన్ని వెతుకుతున్నాం అన్నదాన్ని బట్టి ఉంటుంది. మచ్చల రూపం ఏ స్కాన్‌లోనూ సరిగా కనపడదు, ఎమ్మారైలోనూ కనపడదు. అందుకే "స్కాన్‌లో ఏమీ లేదు" అంటే "జబ్బు లేదు" అని అర్థం కాదు. నాకు తెలిసిన ప్రతి తల్లికీ ఈ ఒక్క మాట గట్టిగా చెప్పాలనిపిస్తుంది.

ఇప్పుడు కడుపు మీద తీసే మామూలు స్కాన్‌నూ, డాక్టర్లు టీవీఎస్ అనే లోపలి స్కాన్‌నూ పక్కపక్కన పెట్టి చూద్దాం. మొదటిది నీళ్ళు బాగా తాగించి, మూత్రం ఆపుకొమ్మని చెప్పి తీస్తారు. పెద్ద సిస్టు ఉంటే తెలుస్తుంది. గర్భసంచి వెనక లోతుగా ఉన్నది దానికి అందడం కష్టం. లోపలి స్కాన్‌లో సన్నటి ప్రోబ్‌ను యోని ద్వారా పంపుతారు కాబట్టి అండాశయాలు, గర్భసంచి వెనక భాగం దగ్గరగా కనపడతాయి. చాక్లెట్ సిస్ట్‌ను పట్టుకోవడంలో ఇది ఎంత బాగా పనిచేస్తుందంటే, అంతకుముందు జరిగిన పరిశోధనలన్నీ కలిపి చూసి 2016లో ఇచ్చిన కాక్రేన్ సమీక్షలో నూటికి 93 కేసుల్లో దొరికిందని తేలింది. ఎమ్మారైకి అదే లెక్క 95. అంటే సిస్ట్ కోసమైతే లోపలి స్కాన్ చాలు, ఎమ్మారైకి అన్ని డబ్బులు పోయక్కర్లేదు.

నాతో పనిచేసే ఒక మేడమ్‌కు అలాగే తేలింది. పెళ్ళై నాలుగేళ్ళయినా పిల్లల్లేరని చూపించుకుంటే లోపలి స్కాన్‌లో ఎడమ అండాశయంలో సిస్ట్ కనపడింది. ఆవిడకు అదే మొదటి పరీక్ష, అదే చివరి పరీక్ష.

మా పిల్ల సంగతి వేరు. పెళ్ళికాని పిల్లలకు మామూలుగా లోపలి స్కాన్ చేయరు, చేస్తామన్నా ఇంట్లో ఒప్పుకోరు. ఆ ఇబ్బంది నాకు అర్థమవుతుంది. కానీ అది చేయలేనప్పుడు పై స్కాన్‌నే ఆఖరి మాటగా తీసుకోవడం నాకు ఇప్పటికీ బాధగా ఉంది. "ఈ స్కాన్‌కు అన్నీ కనపడవు, నొప్పి ఇలాగే ఉంటే ఎమ్మారై చూద్దాం" అని రెండు చోట్లా ఒక్కరూ అనలేదు. మేమూ అడగలేదు.

స్కాన్‌లో మిషన్ కన్నా తీసేవాళ్ళ చెయ్యి, కన్ను ముఖ్యం. అనుభవం ఉన్నవాళ్ళు ప్రోబ్‌తో మెల్లగా నొక్కి గర్భసంచి, పేగు ఒకదాని మీద ఒకటి జారుతున్నాయా, అతుక్కుపోయాయా అని చూస్తారు. అతుక్కుపోయి ఉంటే లోతుగా దిగిన జబ్బుకు అది పెద్ద గుర్తు. కానీ అలా వెతకాలని వాళ్ళకు తెలియాలి కదా. మా చీటీలో రెండుసార్లూ "కడుపునొప్పి" అని మాత్రమే ఉంది. "ఎండోమెట్రియోసిస్ అనుమానం, గర్భసంచి వెనక భాగం చూడండి" అని చీటీలో రాయమని డాక్టర్‌ను అడగండి. అడగడానికి మొహమాటం వద్దు.

ఎమ్మారైలో రేడియేషన్ ఉండదు, లోపలికి ప్రోబ్ పంపరు. గొట్టంలాంటి మిషన్‌లో అరగంటో, ఇంకాసేపో కదలకుండా పడుకోవాలి, చప్పుడు ఎక్కువ. లోతుగా దిగిన జబ్బు ఎక్కడుంది, పేగును తాకిందా, మూత్రనాళం పక్కన ఉందా అన్నది ఇది బాగా చూపిస్తుంది. పెళ్ళికాని పిల్లలకు నా దృష్టిలో ఇదే సరైన రెండో మెట్టు. ఖర్చు స్కాన్‌కు కొన్ని రెట్లు. ప్రభుత్వ ఆసుపత్రిలో చూపించుకుంటే, అక్కడి ప్రభుత్వ ఆరోగ్య పథకం డెస్క్ దగ్గర మీ కార్డుకు ఏం వర్తిస్తుందో ముందే అడగండి. తిరుపతిలో రుయా, ప్రసూతి ఆసుపత్రి, స్విమ్స్ ఉన్నాయి. చిత్తూరు వాళ్ళు ఆసుపత్రి పనంటే అలవాటుగా తమిళనాడులోని రాయవేలూరు (వెల్లూరు) బస్సెక్కుతారు. ఎక్కడికైనా పోండి, పాత ఫిల్ములు, రిపోర్టులు మాత్రం వెంట తీసుకుపోండి.

మరి ల్యాప్రోస్కోపీ? మా బావ మొదటినుంచీ దీని పక్షమే. "కోసి చూస్తే తేలిపోద్ది కదా, ఈ తిరుగుడంతా ఎందుకు?" అంటాడు. మొన్నమొన్నటి దాకా డాక్టర్లదీ అదే మాట. మత్తిచ్చి, బొడ్డు దగ్గర చిన్న గాటు పెట్టి, కడుపులోకి కార్బన్ డయాక్సైడ్ గ్యాస్ నింపి, కెమెరాతో చూస్తారు. మచ్చల రూపం కంటికి కనపడేది ఇందులోనే. చిన్న ముక్క తీసి బయాప్సీకి పంపితే కాగితం మీద రుజువు వస్తుంది. ఇది దీని బలం, కాదనను.

కానీ అది ఆపరేషన్. పెద్ద ప్రమాదాలు అరుదే, వెయ్యి మందిలో సుమారు ఇద్దరికి. ఆ ఇద్దరిలో మన పిల్ల ఉండదని ఎవరూ రాసివ్వరు. గ్యాస్ వల్ల రెండు మూడు రోజులు భుజాలు లాగేస్తాయి. అన్నిటికన్నా ముఖ్యం, అండాశయంలోని సిస్ట్‌ను ఒలిచి తీసినప్పుడు దాంతోపాటు మంచి అండాలు కూడా కొన్ని పోతాయి. పిల్లలు కావాలనుకునేవాళ్ళు అందుకే తొందరపడకూడదు. 2022లో ఐరోపా సంతాన వైద్య నిపుణుల సంఘం ఈశ్రే తన మార్గదర్శకాలు మార్చింది. అందరికీ ల్యాప్రోస్కోపీ చేసి నిర్ధారించనక్కర్లేదు, స్కాన్‌లో ఏమీ కనపడక, మాత్రలకూ తగ్గకపోతేనో, మాత్రలు పడనివాళ్ళకో చేయొచ్చు అంది. నాకు ఇది సబబుగా అనిపించింది. ఒకవేళ చేయించాల్సి వస్తే, చూసి కుట్లు వేసి పంపేవాళ్ళ దగ్గర కాకుండా, కనపడిన జబ్బును అప్పుడే తీయగలవాళ్ళ దగ్గర చేయించాలి. లేకపోతే ఒకే కడుపుకు రెండు ఆపరేషన్లు.

రక్తంలో ఒక ప్రోటీన్ ఎంతుందో కొలిచే సీఏ-125 పరీక్ష గురించి ఎక్కువ చెప్పను. దాన్ని నమ్ముకోవద్దు. నెలసరిలో ఉన్నా పెరుగుతుంది, గర్భసంచిలో గడ్డలున్నా పెరుగుతుంది, కడుపులో టీబీ ఉన్నా పెరుగుతుంది. జబ్బు ఉండి కూడా నార్మల్‌గా రావచ్చు. పైగా అది క్యాన్సర్ పరీక్షని ఎవరో చెబితే ఇంటిల్లిపాదికీ టెన్షన్.

మాత్రలు వాడి చూడటం కూడా ఒక దారే. లక్షణాలు వివరంగా అడిగి, బిడ్డ కోసం ప్రయత్నించనివాళ్ళకు డైనోజెస్ట్ లాంటి హార్మోన్ మాత్రలు కొన్ని నెలలు ఇచ్చి నొప్పి తగ్గుతుందేమో చూస్తారు. కత్తి పడదు, ఖర్చు తక్కువ. తగ్గితే అనుమానం బలపడుతుంది కానీ రుజువైనట్టు కాదు, ఎందుకంటే మామూలు నెలసరి నొప్పి కూడా వీటికి తగ్గుతుంది. తగ్గకపోయినా జబ్బు లేదని అనుకోకూడదు.

మా ఊళ్ళో దీనికో చిన్న తోక ఉంది. తిరుమల దర్శనం టికెట్ నెలల ముందే బుక్ అయిపోతుంది, ఆ తేదీకి నెలసరి వచ్చేలా ఉంటే మెడికల్ షాపులో వాయిదా మాత్రలు కొనుక్కోవడం ఇక్కడ చాలా ఇళ్ళల్లో ఉన్నదే. మా పిల్లా అలా ఒకసారి వేసుకుంది. "చిన్నమ్మా, ఆ మాత్రలు వేసుకున్న పది రోజులూ నడుంనొప్పి కూడా లేదు" అంది. ఆ మాట డాక్టరమ్మకు చెబితే రాసుకున్నారు. అవీ హార్మోన్ మాత్రలేనని, సొంతంగా మళ్ళీ వాడొద్దని గట్టిగా చెప్పారు కూడా.

ఇన్నిటిలో మాకు ఎక్కువ ఉపయోగపడింది ఒక నోటుబుక్కు. మూడు నెలల పాటు ఏ రోజు నొప్పి, ఎక్కడ, పదికి ఎంత, కాలేజీ మానిందా, విరేచనానికి కూర్చున్నప్పుడు నొప్పి ఉందా, మూత్రానికి మంటా అని రాయించాను. పెళ్ళైనవాళ్ళు భర్తతో కలిసినప్పుడు లోపల నొప్పి ఉంటే అదీ రాయాలి, దాచకూడదు. నెలసరి రోజుల్లో విరేచనానికి పోవాలంటేనే ఏడుపొస్తుందని మా పిల్ల అంతవరకు ఎవరికీ చెప్పలేదు. ఆ ఒక్క వాక్యం చదివి డాక్టరమ్మ ఎమ్మారై రాశారు. గర్భసంచి వెనక, పేగు పక్కన దళసరిగా ఒక భాగం కనపడింది. పేగులోకి దిగలేదు. ఆపరేషన్ ఇప్పుడు వద్దు, మాత్రలు వాడదాం, ఆరు నెలలకు చూద్దాం అన్నారు.

కాబట్టి ఎవరైనా నన్ను ఏది మేలని అడిగితే, నోటుబుక్కుతో మొదలుపెట్టమంటాను. పెళ్ళైనవాళ్ళకు దాని తర్వాత అనుభవం ఉన్నవాళ్ళతో లోపలి స్కాన్, కానివాళ్ళకు పై స్కాన్, దాంతో తేలకపోతే ఎమ్మారై. ఇవి చూసుకుంటూనే మాత్రలు మొదలుపెట్టొచ్చు. ల్యాప్రోస్కోపీ చివరికి.

తల్లికో అక్కచెల్లెళ్ళకో ఉంటే ఈ జబ్బు వచ్చే అవకాశం ఎక్కువట. ఆ ప్రశ్న డాక్టరమ్మ అడిగినప్పుడు మా అక్క తల దించుకుంది. తనకు ముప్పైనాలుగేళ్ళకే నొప్పి భరించలేక గర్భసంచి తీసేశారు. జబ్బు పేరేంటో తను అడగలేదు, ఎవరూ చెప్పలేదు. గర్భసంచి ఆపరేషన్లు ఎక్కువగా జరిగే రాష్ట్రాల్లో మనది ముందుంటుందని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలు చెబుతున్నాయి. అది తీసేసినా బయట పెరిగిన కణజాలం అలాగే ఉండిపోవచ్చని అక్కకు ఆ రోజే తెలిసింది. తనకు ఇప్పటికీ అప్పుడప్పుడు పొత్తికడుపులో నొప్పి వస్తుంది.

పోయిన ఆదివారం చిత్తూరు ఇంట్లో ట్రంకుపెట్టె అడుగున అప్పటి బయాప్సీ కాగితం దొరికిందని ఫోన్ చేసింది. వచ్చే నెల చెకప్‌కు అది తీసుకుని తనూ వస్తానంది.