పూడిమడక రేవు నుంచి: ఇన్‌కాయిస్ వేట సూచనలు

మా నాన్నకి ఫైబర్ బోటు ఉంది. వేటకి ఆయన, మావయ్య, ఇంకో ఇద్దరు వెళ్తారు. ఫోన్, జీపీఎస్ పని నాది. చేపల మేత సముద్రంలో ఎక్కడుందో చెప్పే కేంద్ర ప్రభుత్వ సముద్ర సమాచార సంస్థ ఇన్‌కాయిస్. రెండేళ్లుగా దాని సూచనలు రోజూ చూస్తున్నాను.

ఈ సంస్థ ఉన్నది హైదరాబాద్‌లో. ఉపగ్రహాల నుంచి నీటి వేడి, నీటిలో పచ్చదనం తీసుకుని లెక్క కడతారు. పచ్చదనమంటే కంటికి కనపడని నాచు. దాన్ని తినే చిన్న ప్రాణులు, వాటి కోసం కవళ్లు, కానాగంతల లాంటి చేపలు, వాటి వెనక కోనాల లాంటి పెద్ద చేపలు. చల్లనీరు, వేడినీరు కలిసే గీత మీద ఈ మేత పోగవుతుంది. "నీటి రంగు తిరిగిన చోటు" అని నాన్న వెతికేది దీన్నే. ఆయన డీజిల్ కాల్చి వెతికేదాన్ని వీళ్లు ఒడ్డు మీదే, ఉచితంగా చెబుతున్నారు.

రంగుల పటం ఒక్కటే ఇచ్చి ఉంటే మా ఇంట్లో ఎవరూ పట్టించుకునేవారు కాదు. రేవు పేరు రాసి, అక్కడి నుంచి ఏ దిక్కు, ఎన్ని కిలోమీటర్లు, ఎంత లోతు అని తెలుగులో ఇస్తారు. నాన్న ముందు లోతే అడుగుతాడు, ఏ వల ఎక్కించాలో దాన్ని బట్టే తేలుతుంది. మీటర్లు నేను బారల్లోకి మార్చి చెబుతాను: 36 మీటర్లంటే దగ్గరదగ్గర 20 బారలు.

ఒక్క జాగ్రత్త. సూచనలో ఆ చోటు అక్షాంశం డిగ్రీలు, నిమిషాలు, సెకన్లలో ఉంటుంది. మొదట్లో నేను 17 డిగ్రీల 30 నిమిషాల 30 సెకన్లని జీపీఎస్‌లో 17.3030 అని కొట్టేశాను. కొట్టాల్సింది 17.5083. బోటు దాదాపు 23 కిలోమీటర్లు దక్షిణానికి పోయింది. ఆ రోజు డీజిల్ డబ్బులు కూడా రాలేదు. నాన్న ఏమీ అనలేదు, అదే నాకు ఎక్కువ బాధ. మీ జీపీఎస్ సెట్టింగ్ ముందు చూసుకోండి.

మబ్బు పడితే ఉపగ్రహానికి నీరు కనపడదు, సూచన రాదు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం, ఆ 61 రోజులూ ఇవ్వరు. నిషేధం తీసేసరికి వానాకాలం మబ్బులు. అప్పుడు మళ్లీ నాన్న కళ్లే దిక్కు. ఒకటి గుర్తుంచుకోండి, వీళ్లు చెప్పేది మేత ఉన్న చోటు. చేప పడుతుందని హామీ కాదు. నీటి వాలుకి, అంటే సముద్రంలో నీరు పారే వైపుకి, ఆ గీత జరుగుతుంది కాబట్టి పాత సూచన పట్టుకుని వెళ్లొద్దు.

ఇన్‌కాయిస్ వాళ్ల 'సముద్ర' యాప్‌లో అలల హెచ్చరికలూ వస్తాయి. అమ్మకి చేపల సంగతి అక్కర్లేదు, అవి మాత్రం చదివించుకుంటుంది. నాకైతే ఈ మొత్తంలో అదే అన్నిటికన్నా విలువైనది.

ఒడ్డు దాటి కొంత దూరం పోతే ఫోన్ సిగ్నల్ ఉండదు. ఉపగ్రహం ద్వారా ఈ సమాచారం అందుకునే జెమిని అనే పరికరం 2019లో వచ్చింది, మా బోటులో లేదు. అందుకే దిక్కు, దూరం, బారలు కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి, ప్లాస్టిక్ కవర్లో పెట్టి మావయ్య చేతికిస్తున్నాను.