గుట్టపై అడవి: కొత్త మొక్కలా, పాత మోళ్లా?

ఎత్తు 1,000 మీటర్లు పెరిగితే గాలి సుమారు 6.5 డిగ్రీలు చల్లబడుతుంది. అంటే వాతావరణం ఒక్క డిగ్రీ వేడెక్కితే, పాత చల్లదనం కోసం చెట్ల జాతులు 150 మీటర్లు పైకి జరగాలి. హిమాలయాల్లో అందుకు చాలాచోట్ల వీలుంది. ఆదిలాబాద్ కొండల్లో, ఏటూరునాగారం గుట్టల్లో శిఖరం త్వరగా వచ్చేస్తుంది. కాబట్టి అడవి ఉన్నచోటే తట్టుకోవాలి. అందుకు రెండు దారులు: కొత్త మొక్కలు నాటడం, లేదా నరికిన చెట్ల మోళ్లను మళ్లీ చిగురించనివ్వడం.

మొక్కలు నాటడం కంటికి కనిపించే పని. కానీ వాలు మీద మట్టి పొర పలుచన. వేర్లు దిగేలోపు వానలు ముఖం చాటేస్తే మొక్క ఎండిపోతుంది. పైగా టేకు ఒక్కటే నాటితే, దాని పెద్ద ఆకుల నుంచి జారే బరువైన చినుకులు కింది మట్టిని కోసేస్తాయి.

తునికి, మద్ది, మోదుగ మోళ్ల సంగతి వేరు. నరికినా వేరు బతికే ఉంటుంది, పిలకలు వేస్తుంది. నిప్పునూ మేకలనూ కొన్నేళ్లు దూరం పెడితే చాలు. చైత్రంలో ఇప్పపువ్వు, ఆ వెంటే తునికిపండు: ఎండాకాలం ఎలుగుబంటి కడుపు నింపేది ఇవే. అది తిన్న పండ్ల గింజలు పెంటలో పడి మళ్లీ మొలుస్తాయి. ఈ పని ఏ నర్సరీ చేయగలదు?

2024 ఆగస్టు 31న పెనుగాలికి ములుగు జిల్లా తాడ్వాయి అడవిలో వేల చెట్లు కూలాయి. అలాంటిచోట నా ఓటు రెండో దారికే. గ్రానైట్ కోసం తవ్వేసిన గుట్టల్లో మాత్రం మోళ్లే మిగలవు, అక్కడ మట్టి పోసి నాటాల్సిందే.