లండన్ నుంచి ప్యారిస్: రైలు ప్రయాణం చిన్నదే, వీసా పనే పెద్దది

లండన్ సెయింట్ పాంక్రస్‌లో రైలెక్కితే రెండున్నర గంటల లోపే ప్యారిస్‌లో దిగొచ్చు. కానీ భారత పాస్‌పోర్టుతో ఆ రైలెక్కాలంటే నెలల ముందే పని మొదలుపెట్టాలి. దానికి కావాల్సిన షెంగెన్ వీసా (ఫ్రాన్స్‌తో పాటు చాలా ఐరోపా దేశాలకు పనికొచ్చే ఉమ్మడి వీసా) రుసుము 2024 జూన్ నుంచి 90 యూరోలు (6-12 ఏళ్ల పిల్లలకు 45, అంతకంటే చిన్నవాళ్లకు ఉచితం). రేటు తెలిసిందే కాబట్టి దానికి సిద్ధపడి వెళ్తాం. ఒళ్లు మండేది ఆ రుసుము చుట్టూ నడిచే వ్యాపారం చూసి.

ముందుగా స్లాటు సంగతి. వేసవి సెలవులకు, క్రిస్మస్‌కు ముందు అపాయింట్‌మెంట్లు దొరకవు. అదే అదనుగా వాట్సాప్ గ్రూపుల్లో స్లాటు ఇప్పిస్తామంటూ డబ్బు గుంజేవాళ్లు తయారవుతారు. వాళ్లకు ఒక్క పౌను కూడా ఇవ్వొద్దు, డబ్బుతో పాటు మీ పాస్‌పోర్టు వివరాలూ వాళ్ల చేతికి పోతాయి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచే దరఖాస్తు చేసుకోవచ్చు. 15 రోజుల ముందు అన్నది ఆఖరి గడువు, అంతవరకూ ఆగితే మునిగినట్టే. నిర్ణయానికి మామూలుగా 15 రోజులు పడుతుంది, 45 రోజుల వరకూ సాగొచ్చు.

ఇక వీసా దరఖాస్తు సెంటర్లో అడుగుపెట్టాక ప్రీమియం లాంజ్, ఎస్సెమ్మెస్, కొరియర్, ఫొటో, జిరాక్స్ అంటూ ఒక్కొక్కటే అంటగడతారు. పిల్లలు ఏడుస్తుంటే, భార్యాభర్తలు ఫైలు తిరగేస్తూ ఒకరినొకరు విసుక్కుంటుంటే చాలామంది అన్నిటికీ సరేననేస్తారు. ఇవేవీ కొనకపోయినా నష్టం లేదు. నిర్ణయం కాన్సులేటుది, కౌంటరు నడిపే కంపెనీది కాదు. 35×45 మిల్లీమీటర్ల ఫొటోలు, అన్నిటి కాపీలు ఇంటి దగ్గరే సిద్ధం చేసుకెళ్లండి.

స్టూడెంట్ వీసా, స్కిల్డ్ వర్కర్, డిపెండెంట్, ఆఖరికి ఐఎల్ఆర్ (యూకేలో శాశ్వతంగా ఉండే అనుమతి) ఉన్నా సరే, భారత పాస్‌పోర్టు ఉన్నంతవరకూ షెంగెన్ వీసా తప్పదు. ఎక్కువ రోజులు ఏ దేశంలో ఉంటారో ఆ దేశానికే దరఖాస్తు పెట్టాలి. రోజులు సమానమైతే మొదట అడుగుపెట్టే దేశానికి. స్లాటు త్వరగా దొరికిందని వేరే దేశం వీసా తీసుకుని ప్యారిస్‌లోనే గడిపొద్దామనుకుంటే సరిహద్దులో సమాధానం చెప్పుకోవాల్సి వస్తుంది.

ఫ్రాన్స్-వీసాస్ వెబ్‌సైటులో ఫారం నింపడం తేలికే, చిక్కులు కాగితాల దగ్గర వస్తాయి. పాస్‌పోర్టు పదేళ్లలోపు ఇచ్చినదై, తిరిగొచ్చే తేదీ తర్వాత మూడు నెలలు చెల్లుతూ, రెండు ఖాళీ పేజీలతో ఉండాలి. యూకేలో ఉండేందుకు ఆన్‌లైన్‌లో ఇచ్చే అనుమతి, అంటే ఈవీసాకూ, ఆ మూడు నెలల లెక్కే. ఆ ఈవీసాను ఇతరులకు చూపించేందుకు తీసే షేర్ కోడ్ 90 రోజులే పనిచేస్తుంది. పైగా ఉద్యోగం కోసం తీసే కోడ్ ‘డబ్ల్యూ’తో, ఇల్లు అద్దెకు తీసేది ‘ఆర్’తో మొదలవుతాయి. వీసాకు ఇవ్వాల్సింది ‘ఎస్’తో మొదలయ్యేది. ఇన్సూరెన్సు కనీసం 30,000 యూరోలకు, షెంగెన్ దేశాలన్నిటికీ వర్తించాలి.

బ్యాంకు స్టేట్‌మెంట్లు మూడు నెలలవి. హోటల్ బుకింగ్ ఉంటే మనిషికి రోజుకు 65 యూరోలు, లేకపోతే 120 అన్నది ఫ్రాన్స్ లెక్క. దరఖాస్తుకు రెండ్రోజుల ముందు స్నేహితుడు వేసిన రెండు వేల పౌన్లు ఆ స్టేట్‌మెంటులో కొట్టొచ్చినట్టు కనబడతాయి, అలాంటి సర్దుబాటు వద్దు. బంధువుల ఇంట్లో దిగేవాళ్లకు ఆ ఊరి మేరీ, అంటే మున్సిపల్ ఆఫీసు, ఇచ్చే ఆతిథ్య పత్రం కావాలి. దానికి 30 యూరోల స్టాంపు బంధువులే కొనాలి, కాబట్టి వాళ్లకు ముందే చెప్పిపెట్టండి. టికెట్లు, హోటళ్లు రద్దు చేసుకోగలిగేవే బుక్ చేయండి. వీసా రాకపోతే రుసుము తిరిగి రాదు, టికెట్ డబ్బులైనా మిగలాలి.

హైదరాబాద్ నుంచో విజయవాడ నుంచో అమ్మానాన్నలు వచ్చే ఇళ్లలో జరిగే పొరపాటు ఒకటుంది. ‘ఇక్కడికొచ్చాక ప్యారిస్ వీసా చూద్దాంలే’ అనుకుంటారు. యూకే విజిటర్ వీసా మీద ఉన్నవాళ్ల దరఖాస్తు ఇక్కడ మామూలుగా తీసుకోరు. షెంగెన్ వీసా ఇండియాలోనే వేయించుకుని విమానమెక్కాలి. లేకపోతే పిల్లలు ప్యారిస్ వెళ్లొస్తుంటే పెద్దవాళ్లు లండన్ ఫ్లాట్‌లో చిన్నబుచ్చుకుని కూర్చుంటారు.

వీసా చేతికొచ్చాక స్టిక్కరు నిదానంగా చదవండి. ‘ఫ్రమ్ 10-05, అంటిల్ 01-06’ అని ఉంటే ఆ రోజులన్నీ ఉండొచ్చని కాదు. దాని కింద ‘డ్యూరేషన్ ఆఫ్ స్టే 08’ అని ఉంటే ఎనిమిది రోజులే. దిగిన రోజు, బయల్దేరిన రోజు కూడా లెక్కలోకొస్తాయి. ఎంట్రీల దగ్గర ‘01’ ఉంటే మధ్యలో లండన్‌కో డబ్లిన్‌కో వెళ్లిన క్షణమే వీసా అయిపోయినట్టు, ఎందుకంటే ఐర్లండ్ షెంగెన్‌లో లేదు.

ఫ్రెంచి తనిఖీ సెయింట్ పాంక్రస్‌లోనే అయిపోతుంది. 2025 అక్టోబరులో మొదలైన ఈఈఎస్ (రాకపోకల కంప్యూటర్ నమోదు) పద్ధతిలో ముఖం ఫొటో తీసుకుంటారు, వేలిముద్రలు వీసాకు ఇచ్చినవే ఉంటాయి. దీనికి రుసుమేమీ లేదు. ఈటీఐఏఎస్ (వీసా అక్కర్లేని దేశాలవాళ్ల కోసం పెట్టిన ముందస్తు అనుమతి) పేరుతో డబ్బు కట్టమనే సైట్లు కనబడితే మూసేయండి, వీసాతో వెళ్లే మనకు అది అక్కర్లేదు. రైలుకు గంటన్నర ముందుండాలి. సంచిలో చికెన్ పచ్చడి, నెయ్యి, పెరుగు పెట్టుకోవద్దు, ఈయూలోకి మాంసం, పాల పదార్థాలు తేకూడదు. గోంగూర పచ్చడికి ఇబ్బంది లేదు. చేపలు, రొయ్యలకు 20 కిలోల వరకూ మినహాయింపుంది కాబట్టి రొయ్యల పచ్చడీ పట్టుకెళ్లొచ్చు.

ప్యారిస్‌లో రవాణా సుఖం. మెట్రో టికెట్ రెండున్నర యూరోల పైచిలుకు, ఎంత దూరమైనా ఒకటే ధర, విమానాశ్రయాలకు మాత్రం వేరే టికెట్. హోటల్లో సిటీ ట్యాక్స్ మనిషికి, రాత్రికి ఇంత అని విడిగా వసూలు చేస్తారు, బుకింగ్ ధరలో కలిసిందో లేదో చూసుకోండి. లండన్ రైలు ఆగే గార్ దు నోర్ స్టేషను చుట్టూ గదులు చౌక, కానీ ఇరుకు. పెద్దవాళ్లుంటే లిఫ్టు ఉందో లేదో అడిగి తీరాలి. ఆ స్టేషనుకు నడిచేంత దూరంలోనే లా షాపెల్ వీధుల్లో శ్రీలంక తమిళుల హోటళ్లున్నాయి. రొట్టెముక్కలతో మొహం మొత్తినవాళ్లకు అక్కడి దోసె, సాంబారు ప్రాణం లేచొచ్చేలా చేస్తాయి. లూవ్ర్ మ్యూజియం టికెట్ 2026 జనవరి 14 నుంచి ఐరోపా ఆర్థిక మండలి బయటివాళ్లకు 32 యూరోలయింది, అంతకుముందు 22. మంగళవారం సెలవు.

తిరిగి వచ్చేటప్పుడు బ్రిటిష్ తనిఖీ గార్ దు నోర్‌లోనే ఉంటుంది. ఈమధ్య పాస్‌పోర్టు మార్చుకుని ఉంటే, కొత్త నంబరు యూకేవీఐ (యూకే వీసాల విభాగం) ఖాతాలో చేర్చాకే లండన్ నుంచి బయల్దేరండి. పాత పాస్‌పోర్టుకే ఈవీసా ముడిపడి ఉంటే స్టేషనులో మీ అనుమతి వాళ్లకు కనబడకపోవచ్చు.