మండువా ఇల్లన్నారు, మండువాలోకి రానివ్వలేదు

అమలాపురం దగ్గర ఒక పాత జమీందారీ మండువా లోగిలి, అంటే నడుమ కప్పు లేకుండా ఆకాశం కనిపించే ఇల్లు, చూడటానికి మనిషికి 850 రూపాయలు కట్టి, మధ్యాహ్నం రెండు దాకా దాని అరుగు మీదే కూర్చోవాల్సి వచ్చింది. పెద్దవాళ్ళం నలుగురం, పిల్లలిద్దరికీ సగం, మొత్తం 4,250. ఫోన్‌లో అడిగితే పది నుంచి అయిదు దాకా ఇల్లంతా మీదేనండీ అన్నారు. తీరా వెళ్తే లోపల ప్రీవెడ్డింగ్ షూట్!

రాజమండ్రి నుంచి ధవళేశ్వరం బ్యారేజీ, బొబ్బర్లంక, ఆత్రేయపురం మీదుగా ప్రయాణం హాయిగానే సాగింది, లొల్ల లాకుల దగ్గర కాసేపు ఆగాం.

గుమ్మంలో అడుగు పెట్టామో లేదో ఫొటోగ్రాఫర్ కుర్రాడు "ఆంటీ, ఫ్రేమ్‌లోకి వస్తున్నారు, బయటికెళ్ళండి" అన్నాడు. మేనేజర్‌ని అడిగితే "వాళ్ళు పదిహేను వేలు కట్టారండీ" అన్నాడు. అంటే మావి డబ్బులు కావా? మా ఆయన గొంతు పెంచారు, అత్తయ్యగారు పిల్లల్ని కొబ్బరితోటలోకి తీసుకెళ్ళిపోయారు. నాకు బాధేసింది మాత్రం మామయ్యగారిని చూసే. ఆయన పుట్టింది ఇలాంటి ఇంట్లోనే, పంపకాల్లో దాన్ని పడగొట్టేశారు. మనవలకి చూపించాలని నెల రోజుల నుంచి అంటున్న మనిషి, ఒక్క మాట అనకుండా అరుగు మీద కూర్చుండిపోయారు.

భోజనం వసారాలోనే పెట్టారు. ముద్దపప్పు, ఆవ పెట్టిన పనసపొట్టు కూర, గడ్డపెరుగు. వండిన ఆవిడ చేతికి దణ్ణం పెట్టాలి, కొసరి కొసరి వడ్డించింది కూడా.

రెండింటికి లోపలికి పంపారు. ఇల్లు మాత్రం అద్భుతం. నాలుగు వైపుల నుంచీ పెంకుల కప్పు లోపలికే వాలి ఉంటుంది, నడుమ ఆకాశం, కింద వాన నీళ్ళు పడే పల్లం, అవి బయటికి పోవడానికి తూము. టేకు స్తంభాన్ని మా పాప కౌగిలించుకుంటే చేతులు కలవలేదు. ఏజెన్సీ కొండల అడవుల్లో కొట్టిన దుంగల్ని తెప్పలుగా కట్టి గోదారిలో వదిలితే రాజమండ్రి చేరేవని, 1852లో కాటన్ ఆనకట్ట పూర్తయి కాలవ నీళ్ళొచ్చి వరి నిలకడగా పండాకే ఈ సీమలో చేతిలో డబ్బు ఆడి ఇలాంటి ఇళ్ళు లేచాయని మామయ్యగారు చెబుతుంటే పిల్లలు ఫోన్ అడగలేదు. అంతలోనే ఆయన ఆగిపోయారు. షూట్ వాళ్ళు స్తంభానికి టేపు అంటించి వదిలేశారు, దాన్ని గోటితో మెల్లగా పీకుతుంటే పాత రంగు కూడా ఊడొచ్చింది. అలాంటి ఇంటిని ఇలా వాడుకోనిస్తారా ఎవరైనా? గచ్చు నిండా రంగు కాగితాలు, పొగ మిషన్ వాసన సరేసరి.

వెళ్ళాలనుకుంటే అడ్వాన్స్ కొట్టే ముందు ఆ రోజు షూట్ లేదని వాట్సాప్‌లో రాయించుకోండి, ఫోన్ మాట నమ్మొద్దు. మాఘం, ఫాల్గుణం లాంటి పెళ్ళిళ్ళ నెలలు వదిలేయండి. ఆషాఢంలో అయితే ముహూర్తాల గోల ఉండదు, పైగా మండువాలో వాన పడటం చూడొచ్చు. పెద్దవాళ్ళుంటే వాకిట్లో కుర్చీలు ముందే అడగండి, లేకపోతే అరుగే గతి. రసీదు కూడా పట్టుబట్టి తీసుకోండి. మా ఆయన గంటసేపు గొడవపడితే 500 వెనక్కిచ్చారు, అదీ చేతిలో రసీదు ఉండబట్టే.