వీఎంవేర్ నుంచి ప్రాక్స్‌మాక్స్‌కు: మామిడి గుజ్జు ఫ్యాక్టరీ సర్వర్ గది నుంచి ఒక సమీక్ష

చిత్తూరు శివార్లలోని మా మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో కాటా లెక్కలు, ట్యాలీ, డ్రమ్ముల స్టాకు, ఫైల్ సర్వర్ అన్నీ ఏళ్ల తరబడి వీఎంవేర్ ఈఎస్ఎక్స్ఐ మీదే నడిచాయి; ఒకే సర్వర్‌పై పలు వర్చువల్ మెషీన్లను, అంటే సాఫ్ట్‌వేర్‌తో ఏర్పడే కంప్యూటర్లను, నడిపే సాఫ్ట్‌వేర్ అది. దాని పనితీరుపై నాకు నేటికీ ఫిర్యాదు లేదు. మమ్మల్ని కదిలించింది లైసెన్సు ఖర్చు. 2023 నవంబరులో వీఎంవేర్‌ను కొన్న బ్రాడ్‌కామ్, ఆ మరుసటి నెలలోనే శాశ్వత లైసెన్సుల అమ్మకాన్ని ఆపి చందా పద్ధతి తెచ్చింది. లెక్క కోర్ల (ప్రాసెసరులో విడిగా పనిచేసే భాగాల) చొప్పున, అదీ ప్రాసెసరుకు కనీసం 16 కోర్లు. మా పాత సర్వర్లలో ఉన్నవి ఎనిమిదే. 2024 ఫిబ్రవరిలో తీసేసిన ఉచిత ఈఎస్ఎక్స్ఐని 2025 ఏప్రిల్‌లో మళ్లీ ఇచ్చారు గానీ, దాన్ని సర్వర్లన్నిటినీ ఒకేచోట నుంచి నిర్వహించే వీసెంటర్‌కు కలపడం కుదరదు కనుక మా అవసరానికి అది చాలదు.

ప్రత్యామ్నాయాలను చూసినప్పుడు మైక్రోసాఫ్ట్ హైపర్-వి దగ్గర విండోస్ సర్వర్ స్టాండర్డ్ లైసెన్సు రెండు వర్చువల్ మెషీన్లకే సరిపోతుందన్న లెక్క అడ్డొచ్చింది. మరో పోటీ వేదిక న్యూటానిక్స్ మా స్థాయికి పెద్ద బరువు. చివరికి వియన్నా సంస్థ తయారుచేసే ప్రాక్స్‌మాక్స్‌ను ఎంచుకున్నాము. డెబియన్ అనే లైనక్స్ మీద నిలిచిన ఈ ఓపెన్ సోర్స్ వేదికకు చందా ప్రాసెసర్ సాకెట్ల లెక్కన ఉంటుంది; చందా కట్టకపోయినా సాఫ్ట్‌వేర్‌లో ఏ సౌకర్యమూ తగ్గదు, అధికారిక సహాయం, ఎంటర్‌ప్రైజ్ అప్‌డేట్లు మాత్రం అందవు, లాగిన్ అయిన ప్రతిసారీ ఒక హెచ్చరిక పెట్టె కనిపిస్తుంది. దీనికి ఆధారమైన కేవీఎం అనే వర్చువలైజేషన్ సాంకేతికత 2007 నుంచి లైనక్స్ కెర్నెల్‌లో భాగం, న్యూటానిక్స్ ఏహెచ్‌వీకీ రెడ్‌హ్యాట్ ఓపెన్‌షిఫ్ట్ వర్చువలైజేషన్‌కూ అదే పునాది. కాబట్టి నా దృష్టిలో నేటి పోటీ హైపర్‌వైజరు (వర్చువల్ మెషీన్లను నడిపే మూల సాఫ్ట్‌వేర్) గురించి కాదు. వలస ఎంత సులువు, బ్యాకప్ ఎంత నమ్మకం, కష్టమొస్తే ఎవరు పలుకుతారు అన్నవాటి గురించే.

వలసకు ప్రాక్స్‌మాక్స్‌లో 2024లో వచ్చిన దిగుమతి విజార్డు (పాత మెషీన్లను తెచ్చుకునే సాధనం) బాగా తోడ్పడింది. లైనక్స్ మెషీన్లు ఇబ్బంది లేకుండా వచ్చాయి. విండోస్ మెషీన్‌కు మాత్రం డిస్కును నేరుగా వర్ట్ఐఓ స్కజీకి (వర్చువల్ మెషీన్ల కోసం చేసిన వేగమైన డిస్కు అనుసంధానానికి) మారిస్తే డ్రైవరు లేక నీలి తెర వస్తుంది. అందుకే ముందు మామూలు సాటా డిస్కుగా తగిలించి, వర్ట్ఐఓ డ్రైవర్లు ఎక్కించి, ఒక చిన్న ఖాళీ డిస్కును స్కజీగా చూపి, విండోస్ దాన్ని గుర్తించాకే అసలు డిస్కును మార్చాలి. అప్పటికీ నెట్‌వర్క్ కార్డు కొత్తదిగా కనబడి పాత ఐపీ చిరునామా పోతుంది, కాటా దగ్గరి కంప్యూటరుకు సర్వర్ దొరకదు. యూఎస్‌బీ డాంగిల్ (పోర్టుకు గుచ్చే చిన్న పరికరం) తగిలించిన మెషీన్‌ను నడుస్తుండగా ఇంకో సర్వర్‌కు మార్చడం కూడా కుదరదు.

రెండే సర్వర్లతో క్లస్టర్ (ఒకే జట్టుగా పనిచేసే సర్వర్ల గుంపు) కడితే, ఒకటి ఆగినప్పుడు రెండోదానికి మెజారిటీ ఓటు ఉండదు, మెషీన్లను మొదలుపెట్టనివ్వదు. మూలన పడి ఉన్న ఒక పాత కంప్యూటరును మూడో ఓటుగా పెట్టాకే నేను నిశ్చింతగా ఉన్నాను; తోతాపురి లారీలు గేటు బయట బారులు తీరే జూన్‌లో కాటా ఆగితే రైతులకు సమాధానం చెప్పడం తేలిక కాదు. ప్రాక్స్‌మాక్స్ బ్యాకప్ సర్వర్‌ను మాత్రం మనస్ఫూర్తిగా మెచ్చుకుంటాను: మారిన భాగాలనే పంపుతుంది, ఒకే డేటాను రెండుసార్లు దాచదు.

లోటుపాట్లూ ఉన్నాయి. భారాన్ని తనంతట తాను సర్వర్ల మధ్య పంచే వీఎంవేర్ డీఆర్ఎస్ వంటిది మేము వాడిన వెర్షన్లలో లేదు. శాన్ (సర్వర్లన్నీ పంచుకునే నిల్వ నెట్‌వర్క్) పై ఎల్వీఎం అనే లైనక్స్ డిస్కు నిర్వహణ వాడేవారికి స్నాప్‌షాట్లు (మెషీన్ ఆ క్షణపు స్థితిని దాచేవి) 2025 ఆగస్టు నాటి ప్రాక్స్‌మాక్స్ 9.0లోనే, అదీ ప్రయోగ దశలో, వచ్చాయి. వీఎంవేర్ తెలిసినవారు తిరుపతిలోనే దొరుకుతారు. ప్రాక్స్‌మాక్స్‌కైతే బెంగళూరో చెన్నైయో ఫోన్ చేయాలి. అధికారిక సహాయం ఆస్ట్రియా పనివేళల్లోనే అందుతుంది, మనకు ఉదయం తొమ్మిదైతే వేసవిలో అక్కడ ఐదున్నర.

రెండు మూడు సర్వర్లున్న ఫ్యాక్టరీలు, కళాశాలలు నిస్సంకోచంగా మారవచ్చు. శాన్ మీద పదుల సర్వర్లు నడిపేవారు తొందరపడనక్కరలేదు: ఈఎస్ఎక్స్ఐ భాగమైన వీఎంవేర్ వీస్ఫియర్ 7కు మద్దతు 2025 అక్టోబరులో ముగిసినా, 8కి 2027 అక్టోబరు దాకా ఉంది. కొత్త సర్వర్ కొనేవారు జెడ్ఎఫ్ఎస్ (డిస్కులను తానే చూసుకునే ఫైల్ వ్యవస్థ) వాడదలిస్తే డిస్కులను తానే కలిపి చూపే రెయిడ్ కార్డు వద్దని, వాటిని నేరుగా చూపే హెచ్‌బీఏ కార్డు కావాలని కొటేషన్‌లోనే రాయించుకోవాలి.