లిబ్రేఆఫీస్ కాల్క్: అడిగి మరీ ఫైలు తెరుస్తుంది, నాకు అదే చాలు

ఉచితంగా దొరికే స్ప్రెడ్‌షీట్ ప్రోగ్రామ్ లిబ్రేఆఫీస్ కాల్క్‌లో, సీఎస్‌వీ ఫైలు (విలువల మధ్య కామాలు పెట్టి రాసిన సాదా పట్టిక) మీద రెండుసార్లు నొక్కితే వెంటనే తెరుచుకోదు. ఒక పెట్టె అడ్డం వచ్చి, ఏ కాలమ్‌ను ఎలా చదవాలో చెప్పమంటుంది. మొదట్లో చిరాకు వేసేది. 2023 జులై నుంచి కాల్క్ వాడుతున్నాను. ఇప్పుడు ఆ పెట్టె కనబడకపోతేనే భయం.

అంతకుముందు క్రిప్టో (డిజిటల్ నాణేల) లెక్కలు కూడా ఆఫీసులో అందరూ వాడే స్ప్రెడ్‌షీట్‌లోనే చూసుకునేవాడిని. ఆదాయపు పన్ను రిటర్ను వేసే ముందు, ఆ నాణేలు కొని అమ్మే ఎక్స్ఛేంజి నుంచి ఏడాది లావాదేవీల ఫైలు దించుకుని తెరిస్తే, ట్రేడ్ నంబర్ల కాలమ్ పొడవునా 7.02915E+17 అని, పెద్ద సంఖ్యను కుదించి రాసే పద్ధతిలో ఉంది. పైకి అలా కనిపిస్తోంది గానీ లోపల సరిగ్గానే ఉంటుందిలే అనుకుని సేవ్ చేశాను. కొన్ని నెలలు రెండుసార్లు దించుకున్నానేమో అన్న అనుమానంతో, ఒకే నంబరున్న వరుసలు తీసేయమన్నాను. పదకొండు పోయాయి. నా జాగ్రత్తకు నేనే మురిసిపోయాను కూడా.

ద్వారకానగర్‌లో మా ఆడిటర్ గారి ఎదుట కూర్చున్నప్పుడు ఆ మురిపెం దిగిపోయింది. క్రిప్టో అమ్మకాలపై ఆదాయపు పన్ను చట్టం 194ఎస్ సెక్షన్ కింద ముందే కోసిన ఒక శాతం పన్ను (టీడీఎస్), నా పేరున కోసిన పన్నులు చూపే ప్రభుత్వ పత్రం 26ఏఎస్‌లో ఎక్కువగా, నా షీటులో తక్కువగా ఉంది. "మీ పేరున టీడీఎస్ కోశారు, ఆ అమ్మకాలేవండీ?" అన్నారాయన. జులై ఉక్కపోతకు తోడు ఆ ప్రశ్నకు ఇంకాస్త చెమట పట్టింది. నష్టాన్ని మరో లాభంలో సర్దుకోనివ్వకుండా 30 శాతం పన్ను వేసే వ్యవహారంలో అమ్మకాలు తప్పిపోవడమంటే చిన్న మాట కాదు.

ఇంటికి వచ్చి ఫైలును మళ్లీ దించుకుని ఈసారి నోట్‌ప్యాడ్‌లో తెరిచాను. ఒక వరుసలో 702914583366120417, దాని కింద 702914583366120422. ఒకే ఆర్డరు ముక్కలుగా అమ్ముడైతే పడిన వేర్వేరు ట్రేడ్లు అవి. స్ప్రెడ్‌షీట్ సంఖ్యలో 15 అంకెలే నిలుపుకుంటుంది. చివరి మూడూ సున్నాలయ్యాయి. రెండూ ఒకటే అయిపోయాక రెండోదాన్ని చేతులారా నేనే చెరిపేశాను.

కాల్క్ పెట్టెలో ఆ కాలమ్ తల మీద నొక్కి 'టెక్స్ట్' అని ఎంచుకుంటే అంకెకు అంకె దిగుతుంది. తేదీల కాలమ్‌కు రోజు ముందా, నెల ముందా అన్నదీ అక్కడే చెప్పవచ్చు. 03/04 ఏప్రిల్ 3 అయితే ఒక ఆర్థిక సంవత్సరం, మార్చి 4 అయితే మరొకటి మరి. పాత స్ప్రెడ్‌షీట్‌లోనూ డేటా మెనూ నుంచి తెచ్చుకుంటే ఇదంతా కుదురుతుంది, కాదనను. కానీ అక్కడ మనం గుర్తుపెట్టుకుని వెళ్లాలి, ఇక్కడ అదే ఎదురొస్తుంది.

అలాగని పెట్టె అన్నీ చూసుకుంటుందని కాదు. కాలమ్‌ను ముందే ఉండే 'స్టాండర్డ్' మీదే వదిలేసి సరే అంటే ఇక్కడా 15 అంకెలే. నిరుడు తొందరలో నేనే అలా నొక్కాను. ఆ భయంతో మరుసటిసారి అన్ని కాలమ్‌లనూ టెక్స్ట్ చేస్తే, నాణేల పరిమాణం కూడితే సున్నా వచ్చింది. అప్పుడు దొరికిందే కంట్రోల్, ఎఫ్8: సంఖ్యలు నీలంగా, టెక్స్ట్ నల్లగా కనిపిస్తాయి. ఇప్పుడు ట్రేడ్ నంబర్లు నల్లగా, పరిమాణాలు నీలంగా ఉన్నాయని చూసుకున్నాకే కూడిక మొదలుపెడతాను. ఫైలులోని యూటీసీ (మన సమయానికి ఐదున్నర గంటలు వెనక ఉండే ప్రపంచ ప్రామాణిక సమయం) వేళలను మాత్రం నేనే మార్చుకోవాలి. అక్కడ మార్చి 31 రాత్రి ఏడు గంటలంటే మనకు ఏప్రిల్ 1 వచ్చేసినట్టే.

నాది ఒక ఎక్స్ఛేంజి, నాణేలు దాచుకునే ఒక వాలెట్, ఏడాదికి కొన్ని వందల వరుసలు. రోజూ ట్రేడ్ చేసేవారికి ఇది సరిపోతుందని చెప్పలేను. ఆడిటర్ గారైతే ఇప్పటికీ పాత స్ప్రెడ్‌షీట్ ఫైలే పంపమంటారు. ట్రేడ్ నంబర్లు టెక్స్ట్‌గా ఉంచి పంపి, సీఎస్‌వీగా మార్చి తెరవవద్దని ఫోనులో మరోసారి చెబుతాను.